అత్తయ్య మొక్కు, మా పిల్ల పేరు

పిల్ల పుడితే శ్రీముఖలింగం తీసుకొస్తానని మా అత్తయ్య ఎప్పుడో మొక్కేసుకుందట, ఎండలు ముదరకముందే వెళ్లొచ్చేద్దామని శ్రీకాకుళంలో పొద్దున్నే బయల్దేరాం. నరసన్నపేట దాటాక మొదలైంది పేరు గొడవ. "అపర్ణంటే ఆకు కూడా తిననిదట కదా, ఆడగుంటకి పస్తులుండే పేరేటమ్మా?"

అర్థం అదే మరి. శివుడి కోసం తపస్సు చేస్తూ, వాటంతటవే రాలిన ఆకులు తినడం కూడా పార్వతి మానేసింది కాబట్టి అపర్ణ అన్నారని కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలో చెప్తాడు. అదే కావ్యంలో ఉమ పేరుకీ కథ ఉంది, "ఉ, మా" అంటే తపస్సు వద్దమ్మా అని తల్లి మేనక వారిస్తే వచ్చిందట. తల్లి వద్దంటే ఉమ, వినకుండా చివరిదాకా వెళ్తే అపర్ణ! నాకు ఆ మొండితనం నచ్చే పెట్టుకున్నాను (మా ఆయన్ని అడగలేదు, అది వేరే సంగతి).

గుడి వంశధార ఒడ్డున, తూర్పు గాంగుల కాలం నాటిది. స్వామి ఇప్పచెట్టులో వెలిశాడట, అందుకే మధుకేశ్వరుడు. గర్భగుడిలో లింగం వెనక పెద్ద మట్టి గోలెం ఉంటుంది. పిల్లల కోసం మొక్కుకున్న కుమ్మరి చేసి తెచ్చాడని, గుమ్మంలో పట్టకపోతే స్వామే లోపలికి చేర్చుకున్నాడని చెప్తారు. అత్తయ్య పిల్లని పైకెత్తి మరీ చూపించింది, అదేమో ఆవిడ ముక్కుపుడక లాగుతోంది.

వారాహి అమ్మవారి దర్శనమయ్యాక కాసేపు కూర్చున్నప్పుడు ఇంకో అర్థం చెప్పాను. లలితా సహస్రనామంలోనూ అపర్ణ ఉంది, దానికి వ్యాఖ్య రాసిన భాస్కరరాయలు 'అప ఋణ', అంటే బాకీ లేనిది అని కూడా విడదీశాడు. అక్కడే ఒక శ్లోకంలో అమ్మవారిని నిలదీస్తాడు కూడా, నీ పేరు ఇంత జపిస్తున్నా అడిగింది ఇవ్వకుండా నాకు బాకీ పడ్డావు, ఇంకా అపర్ణ అనిపించుకోవడం నీకు బరువుగా లేదా అని.

అత్తయ్యకి ఇది తెగ నచ్చేసింది. "నాకైతే ఇచ్చీసింది కదా, ఇంక బాకీ ఏటుంది" అని నవ్వేసింది. పేరు మార్చమనడం ఆగిపోయింది గానీ, తిరుగు ప్రయాణంలోనే ముద్దుపేరు పెట్టేసింది. మా బాకీ లేని పిల్లని ఇప్పుడు ఇంట్లో అందరూ పిలిచేది "అప్పూ" అని.