అందించే మనిషి

ఆదివారం. పొద్దున రైతుబజారు, మధ్యాహ్నం పప్పుచారు, సాయంత్రం రిహార్సల్. పైకి చూస్తే మామూలు రోజే. కానీ ఇవాళ డైలాగ్ అందించాల్సిన చోట నేను అందించలేదు. ఆరేళ్లలో ఇలా జరగడం ఇదే మొదటిసారి. రాత్రి పదకొండు దాటినా నిద్ర రాక, లేచి కూర్చుని రాస్తున్నాను.

మా నాటక సమాజంలో నాది ప్రాంప్టింగ్, అంటే నటులు మర్చిపోయిన మాటని చాటు నుంచి అందించడం. స్టేజీ పక్కన ఎడమ వింగ్‌లో ప్లాస్టిక్ స్టూల్, ఒళ్లో స్క్రిప్టు ఫైలు, చేతిలో చిన్న టార్చి. పోర్షన్ బాగా వచ్చినవాళ్లకి నాతో పని పడదు. అయినా వాళ్ల ప్రతి మాటా నా పెదాల మీద కదులుతూనే ఉంటుంది. నటుడు ఆగినప్పుడు అది నటన కోసం ఆగడమా, మర్చిపోయి ఆగడమా అన్నది ఒక్క క్షణంలో పోల్చుకోవాలి. నటన అయితే అందించకూడదు, మరుపు అయితే అందించకుండా ఉండకూడదు. నా పనంతా ఆ తేడా పట్టుకోవడమే.

ఈసారి వేస్తున్నది రష్యన్ రచయిత చెహోవ్ 'హంసగీతం'. 1887 నాటి నాటిక. గంటా అయిదు నిమిషాల్లో రాసేశానని ఆయనే ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. ఉన్నది ఇద్దరే మనుషులు. స్వెత్లొవీదొవ్ అనే 68 ఏళ్ల నటుడు ప్రదర్శన అయ్యాక తాగి, మేకప్ గదిలోనే నిద్రపోతాడు. అర్ధరాత్రి మెలకువ వచ్చి, కొవ్వొత్తి పట్టుకుని ఖాళీ స్టేజీ మీదికి వస్తాడు. 45 ఏళ్లుగా నటిస్తున్నా రాత్రిపూట థియేటర్ ఎలా ఉంటుందో అతను చూడటం అదే మొదటిసారి. ప్రేక్షకులు కూర్చునే చోటంతా నల్లటి గొయ్యిలా కనిపిస్తుంది. అంతలో తెల్లటి ఆకారం ఒకటి కదిలితే దెయ్యం అనుకుని హడలిపోతాడు. తీరా చూస్తే ప్రాంప్టర్ నికీత. 'యజమానికి చెప్పకండి బాబూ, నాకు పడుకోడానికి వేరే చోటు లేదు' అని బతిమాలుకుంటాడు.

ఆ ఒక్క మాట కోసమే నాకీ నాటిక అంటే ప్రాణం. అన్ని పాత్రల మాటలూ తెలిసిన మనిషికి తలదాచుకోను గది లేదు. తర్వాత ముసలాయన తన విద్య ఇంకా చచ్చిపోలేదని చూపించుకోడానికి షేక్‌స్పియర్ నాటకంలోని లియర్ రాజు తుఫాను ఘట్టం ఎత్తుకుంటాడు. విదూషకుడి మాటలు నువ్వు అందుకో అంటాడు నికీతతో. నికీతకి అవన్నీ కంఠతా వచ్చు, టక్కున అందుకుంటాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. వరండాలో కూర్చుని భవభూతి 'ఉత్తరరామచరితం' ఏడో అంకం మళ్లీ చదివాను. నాటకంలో నాటకం, దాన్నే గర్భాంకం అంటారు. వాల్మీకి రాసిన నాటకాన్ని గంగ ఒడ్డున అప్సరసలు ఆడుతుంటారు. నేర్పినవాడు భరతముని. ప్రేక్షకుల్లో రాముడు, ఏర్పాట్లన్నీ చూసింది లక్ష్మణుడు. అడవిలో వదిలేసిన సీత నొప్పులు పడుతూ గంగలో దూకుతున్నానని తెర వెనక నుంచి కేక వేసేసరికి రాముడు నిలవలేకపోతాడు. దేవీ, ఒక్క క్షణం ఆగు అంటూ తపించిపోతాడు. అప్పుడు లక్ష్మణుడు, అన్నా, ఇది నాటకం అని గుర్తుచేస్తాడు.

ఎన్నిసార్లు చదివినా ఆ మాట దగ్గర నా చూపు ఆగిపోతుంది. ఏర్పాట్లు చేసినవాడికే ఇది నాటకమని గుర్తుంది. ఆ గుర్తు వల్ల రాముడికి ఒరిగిందేమీ లేదు, చూస్తూ చూస్తూ మూర్ఛపోతాడు. ఆ తర్వాత గంగలోంచి పైకి వచ్చేది నిజం సీత. అరుంధతి చెప్పగా ఆమె చేయి తాకితేనే రాముడు తేరుకుంటాడు. అంటే లక్ష్మణుడు నాటకమే కదా అన్నాడు గానీ, అది ఉత్త నాటకం కాదు. పన్నెండేళ్లుగా ఎవరూ రాముడికి చెప్పని సంగతిని ఆ నాటకం చెప్పింది. ఇంత లోతున నాటకాన్ని నమ్మిన కవిని నేను ఇంకొకరిని ఎరగను.

'శాకుంతలం' మొదట్లోనూ ఇలాంటిదే ఉంది. నటి వేసవి గురించి పాట పాడుతుంది. ఆ పాటలో మునిగిపోయిన సూత్రధారుడు ఏ నాటకం ఆడాలో మర్చిపోతాడు. నటే గుర్తుచేయాలి. కాళిదాసు అంతటివాడు తన నాటకానికి తలుపు తీసింది ఒక మరుపుతో, ఒక అందింపుతో.

సాయంత్రం ఆరింటికి స్కూలు మేడమీద గదిలో రిహార్సల్. స్వెత్లొవీదొవ్‌గా వేస్తున్న మాస్టారికి 72. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి రాయబారం సీన్లో కృష్ణుడు వేసేవారు. నికీత వేసే కుర్రాడు సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు. మొదటి వారం పోర్షన్ అంతా ఒక్క గుక్కలో చెప్పేసేవాడు, ఎదుటివాళ్ల ఆఖరి మాటలతో సహా. షేక్‌స్పియర్ 'వేసవి రాత్రి కల'లో పనివాళ్ల నాటకం రిహార్సల్లో ఫ్లూట్ అనే అతను చేసేదీ సరిగ్గా ఇదే. నీ పోర్షన్‌తో పాటు అందుకోవాల్సిన మాటలు కూడా కలిపి చెప్పేస్తున్నావేంటని, నాటకం ఆడిస్తున్న క్విన్స్ తలపట్టుకుంటాడు. ఆ సంగతి చెబితే కుర్రాడు ఎంత సంతోషపడ్డాడో. నాలుగు వందల ఏళ్ల కిందట కూడా ఇంతేనా అక్కా అన్నాడు. ఇప్పుడు చక్కగా చెబుతున్నాడు.

లియర్ ఘట్టం వచ్చింది. 'వీచండి గాలుల్లారా' అని మొదలుపెట్టి రెండు వాక్యాలు చెప్పి మాస్టారు ఆగారు. ఊపిరి పైకే నిలిచిపోయింది. అది మరుపే, నాకు తెలిసిపోయింది. మూడో వాక్యం నా నాలుక చివరనే ఉంది.

ఇంతలో ఆయన ఎడమ చేయి మెల్లగా పైకి లేచింది. గళ్ల చొక్కా మీద లేని ఉత్తరీయాన్ని భుజం మీదికి సర్దుకున్నారు. కుడివైపు, హార్మోనియం ఉండాల్సిన చోటికి ఒక్కసారి చూశారు. 'చెల్లియో చెల్లకో' అని ఎత్తుకున్నారు.

తిరుపతి వేంకట కవుల పద్యం, తెలుగువాళ్లలో వినని వాళ్లు అరుదు. హార్మోనియం లేదు, మైకు లేదు, గొంతులో కాస్త జీర ఉంది. రాగం తీసేటప్పుడు మెడ నరం ఉబ్బడం టార్చి వెలుగులో కనిపించింది. చేతిలో వెలిగించని కొవ్వొత్తి వణుకుతోంది, శ్రుతి మాత్రం ఎక్కడా వణకలేదు. నేను ఫైలు మూసేశాను. ఎప్పుడు మూశానో నాకే తెలియదు. మునివేళ్ల మీద లేచి నిలబడి వింటున్నాను.

పద్యం అయిపోయింది. మాస్టారు నా వైపు చూశారు. నా దగ్గర మాట లేదు. పేజీ పోయింది, ఎక్కడున్నామో తెలియదు. ఆయన అలా నిలబడిపోయారు. డెబ్బై రెండేళ్ల మనిషి, నేను అందిస్తానని నమ్మి.

అప్పుడు కుర్రాడు రెండడుగులు ముందుకు వేసి, మాస్టారి మోచేయి పట్టుకుని, 'మావా, లోపలికి పోదాం పద' అన్నాడు. లియర్‌తో విదూషకుడు అనే మాట. నాటికలో ప్రాంప్టర్ వేషం కట్టినవాడే నిజం ప్రాంప్టర్ పని చేశాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పు నాదండీ మాస్టారూ" అన్నాను.

"నీదేం ఉందమ్మా. లియర్ ఎంత వెతికినా దొరకలేదు. నోరు తెరిస్తే కృష్ణుడొచ్చాడు" అన్నారాయన.

పద్యం ఉంచేద్దాం, జనం చప్పట్లు కొడతారని ఇద్దరు ముగ్గురు అన్నారు. డైరెక్టర్ గారు ఒప్పుకోలేదు. రష్యా ఊళ్లో ముసలి నటుడు రాయబారం పద్యం పాడితే అక్కడ ఆ థియేటరూ ఉండదు, ఆ రాత్రీ ఉండదు అన్నారు. ఆయన మాటే సరైనది. చప్పట్ల కోసం పెట్టుకుంటే ఆ పద్యానికీ మర్యాద కాదు.

ఇంటికొస్తూ ఆటోలో ఇటలీ నాటకకర్త పిరాండెల్లో గుర్తొచ్చాడు. 'రచయితను వెతుక్కుంటూ ఆరు పాత్రలు' 1921లో రోమ్‌లో మొదటిసారి ఆడినప్పుడు, ఇది పిచ్చాసుపత్రి అని జనం కేకలేశారట. అందులో రిహార్సల్ మధ్యలోకి ఆరు పాత్రలు నడిచొస్తాయి, మా కథ మేమే బతుకుతాం, నటులకి చేతకాదు అంటాయి. ఆ గందరగోళంలో డైరెక్టర్ ప్రాంప్టర్‌ని పిలిచి, వీళ్లు మాట్లాడేదంతా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకో అంటాడు. ఎప్పుడూ రాసి ఉన్నదాన్ని చదివి అందించేవాడు ఆ రోజు నోరు మూసుకుని, ఎదురుగా జరుగుతున్నదాన్ని రాసుకోవాలి. ఈ చిన్న సంగతిని ఇన్నేళ్లూ చదువుతూ దాటేశాను. ఇవాళ ఆటోలో అర్థమైంది.

తొమ్మిదింటికి మాస్టారు ఫోన్ చేశారు.

"అమ్మా, పద్యం పైకి పాడనులే. మూడో వాక్యం ముందు ఆగి, లోపల అనుకుంటాను. అది అయ్యేదాకా లియర్ రాడు నాకు. నువ్వు మాత్రం కంగారుపడి అందించెయ్యకు."

"ఎంతసేపు ఆగమంటారండీ?"

"పద్యం నీకూ వచ్చుగా. నువ్వూ అనుకో."

ఫైలు తీసి ఆ పేజీ వెతికి, మూడో వాక్యం పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాను: ఒక పద్యం సేపు ఆగాలి. అందించొద్దు.

బుధవారం ఆరింటికి మళ్లీ రిహార్సల్. టార్చికి కొత్త సెల్స్ కొనాలి.