మా బాబు టాన్సిల్స్ ఆపరేషన్: ఒక బిస్కెట్, ఒక సంతకం

మా చిన్నవాడికి టాన్సిల్స్, అడినాయిడ్స్ (అవీ టాన్సిల్స్ లాంటి కండే) తీసి ఈ రోజుకు 11 రోజులు. నిన్నటి నుంచి మెత్తగా కలిపి పెడితే అన్నం తింటున్నాడు, రాత్రి నోరు మూసుకుని పడుకుంటున్నాడు. వాడు కుదుటపడ్డాడు కాబట్టే ఇప్పుడు కూర్చుని రాయగలుగుతున్నాను. ఆపరేషన్ కంటే దానికి ముందు జరిగిన సంగతే నన్ను ఇంకా వదలడం లేదు.

వాడికి ఆరేళ్లు. రెండేళ్లుగా గురక ఉంది. నోరు తెరిచి, మెడ వెనక్కి విరుచుకుని పడుకునేవాడు, తలగడ చెమటతో తడిసిపోయేది, ఎప్పుడో మానిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. "వాళ్ల తాతకు గూడ ఇట్లనే గురక" అని ఇంట్లో అందరూ తేల్చేశారు. జులైలో ఒక రాత్రి గురక ఉన్నట్టుండి ఆగిపోయింది. ఛాతీ లేస్తోంది, డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి, ఊపిరి చప్పుడు మాత్రం లేదు. నేను 9 వరకు లెక్కపెట్టాక ఒక్క పెట్టున గాలి పీల్చుకుని, కళ్లు తెరవకుండానే పక్కకు తిరిగాడు. మరుసటి రాత్రి ఫోన్‌లో వీడియో తీశాను. హనుమకొండలో మేము కలిసిన చెవి, ముక్కు, గొంతు డాక్టర్ టార్చి వేయకముందే ఆ వీడియో రెండుసార్లు చూశారు. గురక ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా సరే, మాటల్లో చెప్పడానికి ముందు వీడియో తీసుకుని వెళ్లండి.

టాన్సిల్స్ నాలుగో గ్రేడులో, రెండూ దాదాపు ఒకదానికొకటి తగులుతూ ఉన్నాయి. అడినాయిడ్స్ ముక్కు వెనుక, అంగిలి పైభాగాన ఉంటాయి కాబట్టి నోరు తెరిస్తే కనబడవు. మెడకు పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో గాలి వెళ్లే దారి సన్నని గీతలా కనిపించింది. తరచూ గొంతు నొప్పి వచ్చే పిల్లలకైతే ఏడాదిలో 7 సార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏటా 5 సార్లు, లేదా మూడేళ్లు ఏటా 3 సార్లు వచ్చిందా అని లెక్క చూసి ఆపరేషన్ సంగతి ఆలోచిస్తారట. మావాడి సమస్య అది కాదు, నిద్రలో ఊపిరి ఆగడం. రెండు నెలలు ముక్కులో స్ప్రే వాడాము, గుణం కనిపించలేదు. రక్తపరీక్షలు, మత్తుకు ఫిట్‌నెస్ ఒక్క పూటలో అయిపోయాయి. జలుబు చేయడంతో తేదీ ఒకసారి రెండు వారాలు జరిగింది. బీమా పాలసీల్లో టాన్సిల్స్ ఆపరేషన్‌కు సాధారణంగా రెండేళ్ల ఎదురుచూపు నిబంధన ఉంటుంది. మా పాలసీకి మూడో ఏడు నడుస్తుండడంతో ఆ గొడవ రాలేదు.

ఇక ఆ రోజు సంగతి. ఆ నర్సింగ్ హోం పేరు రాయడం లేదు. ముందురోజు రాత్రి ఫోన్ చేసి, పన్నెండు తర్వాత నోట్లో చుక్క నీళ్లు కూడా పోయవద్దని, ఉదయం 8 గంటలకు రమ్మని చెప్పారు. ఎన్ని గంటలకు థియేటర్‌లోకి తీసుకుంటారని అడిగితే "పొద్దుగాలనే అయిపోతది" అన్నారు. వాడు రాత్రి 8.30కి పాలన్నం తిని పడుకున్నాడు కాబట్టి, మేము అక్కడ అడుగుపెట్టేసరికే కడుపులో ఏమీ పడక పదకొండున్నర గంటలు గడిచాయి. చేతికి సూది పెట్టి ప్లాస్టర్ వేశారు గానీ సెలైన్ ఎక్కించలేదు. తొమ్మిదైంది, పదైంది, పదకొండున్నర అయింది. పెద్దవాళ్ల కేసులు ఒకదాని వెంట ఒకటి లోపలికి వెళ్తున్నాయి. వాడి పెదవులు ఎండి పొట్టు లేచాయి. నాలుకతో తడుపుకుంటూ, వార్డు మూలన ఉన్న నీళ్ల క్యాన్ వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను రెండుసార్లు సిస్టర్ దగ్గరికి వెళ్లి, కనీసం రెండు గుక్కల నీళ్లు ఇవ్వవచ్చో లేదో డాక్టర్‌ను అడిగి చెప్పమని వేడుకున్నాను. రెండుసార్లూ "ఇంకో అర్ధగంటమ్మా" అనే జవాబు వచ్చింది.

ఒంటిగంట దాటాక మందుల చీటీ ఇచ్చి కిందికి పంపారు. నేను వచ్చేలోపు మా అత్తమ్మ తట్టుకోలేక తన చాయ్ గ్లాసులో బిస్కెట్ ముంచి సగం వాడి నోట్లో పెట్టింది. 1.40కి స్ట్రెచర్ వచ్చింది. ఏమైనా తిన్నాడా అని సిస్టర్ అడగగానే, నేను నోరు తెరవకముందే వాడే సంతోషంగా "నాయనమ్మ బిస్కెట్ పెట్టింది" అని చెప్పాడు.

ఆపరేషన్ ఆపేశారు. అది సరైన నిర్ణయమే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. కానీ ఆ తర్వాత కౌంటర్ దగ్గర మేనేజర్, మందుల కోసం నిలబడ్డ పది పన్నెండు మంది ముందు, "సదువుకున్నోళ్లే గిట్ల జేస్తే ఎట్లమ్మా? పిల్లగాన్ని సంపుకుందామనుకుంటున్రా?" అని గట్టిగా అరిచాడు. పాఠాలు చెప్పే దాన్ని, పదిమందిలో మాట తడబడని దాన్ని, ఆ నిమిషంలో నాకు ఒక్క మాటా రాలేదు. నా వెనుక మా అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కట్టిన అడ్వాన్సు తిరిగి ఇవ్వాలంటే సంతకం కావాలని ఒక కాగితం జరిపారు. "అటెండెంట్ల నిర్లక్ష్యం కారణంగా శస్త్రచికిత్స వాయిదా వేయబడినది" అని అందులో ఉంది. అటెండెంట్లంటే వాడి వెంట వచ్చిన మేమే. ఆరేళ్ల పిల్లవాడిని పదహారున్నర గంటలు నీళ్లు లేకుండా కూర్చోబెట్టిన మాట అందులో ఎక్కడా లేదు. చదివి, సంతకం పెట్టాను. ఆ సంతకం పెట్టినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. అత్తమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆమెకు ఎవరైనా గంటల లెక్క విడమరిచి చెప్పి ఉంటే ఆ బిస్కెట్ పెట్టేది కాదు.

పది రోజుల తర్వాత వేరే ఆసుపత్రిలో చేయించాము. అక్కడ మత్తు డాక్టర్ స్వయంగా మాట్లాడి, చీటీ మీద తన చేత్తో రాసి ఇచ్చారు: అన్నం, పాలు, బిస్కెట్ ఏదైనా రాత్రి 2 గంటల తర్వాత వద్దు, మంచినీళ్లు ఉదయం 6 వరకు తాగవచ్చు, ఆపరేషన్ 8 గంటలకు. ఘనాహారానికి, డబ్బా పాలకు లేదా గేదె పాలకు 6 గంటలు, తల్లిపాలకు 4, మంచినీళ్లకు 2 అన్నది ఎప్పటి నుంచో ఉన్న లెక్కేనట. పాలు కడుపులో విరిగి గట్టిపడతాయి కాబట్టి వాటిని నీళ్లలా చూడరు, అన్నంతో సమానంగా చూస్తారు. పిల్లలకు మంచినీళ్లు గంట ముందు వరకు ఇవ్వవచ్చని బ్రిటన్, ఫ్రాన్స్, యూరప్ పిల్లల మత్తు వైద్యుల సంఘాలు 2018లోనే ఉమ్మడిగా చెప్పాయని కూడా ఆయన చెప్పారు. అది విన్నప్పుడు నాకు ఊరట కలగలేదు, ఆ క్యాన్ వైపు చూస్తున్న వాడి ముఖం గుర్తుకొచ్చి కడుపు మండింది. మీరు మాత్రం అందరికంటే ముందు మత్తు డాక్టర్‌ను కలవండి. మీ పిల్లవాడిది ఆ రోజు ఎన్నో కేసు, చివరి గుక్క నీళ్లు ఎన్ని గంటలకు అన్నది కాగితం మీద రాయించుకోండి. చిన్నపిల్లల కేసును జాబితాలో మొదట పెట్టమని గట్టిగా అడగండి. ఆలస్యమైతే సెలైన్ పెట్టమనండి. అరుస్తారని భయపడకండి.

వాడిని ఉదయం 8.10కి లోపలికి తీసుకున్నారు, 9 గంటలకల్లా బయటికి తెచ్చారు. ఆ రాత్రి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్ పెట్టి అక్కడే ఉంచుకున్నారు. నిద్రలో ఊపిరి ఆగే పిల్లలకు మొదటి రాత్రి అది అవసరమట. మూడో రోజు నుంచి ఐదో రోజు వరకు చెవి నొప్పి అని ఏడ్చాడు. నొప్పి గొంతులోదే, గొంతుకూ చెవికీ ఒకే నరం శాఖలు ఉండడం వల్ల అలా అనిపిస్తుందని ఫోన్‌లో చెప్పారు. టాన్సిల్స్ ఉన్న చోట తెల్లటి పొర కడుతుంది, నోరు వాసన వస్తుంది. అది చీము కాదు. ఆ పొర 5 నుంచి 10 రోజుల మధ్య ఊడేటప్పుడు రక్తం రావచ్చని, నిద్రలో పదేపదే గుటకలు వేస్తుంటే లేపి నోట్లో చూడమని చెప్పడంతో ఆ ఐదారు రాత్రులు మా ఆయన, నేను వంతులు వేసుకుని మేలుకున్నాము. సద్దుల బతుకమ్మ నాడు వాకిట్లో పాట వినిపిస్తుంటే నేను వాడికి చెంచాతో చల్లని పెరుగు తినిపిస్తున్నాను. పక్కింటావిడ ప్రేమతోనే తన ఇంట్లో మిగిలిన దగ్గు సిరప్ తెచ్చి ఇచ్చింది. సీసా మీద కోడీన్ అని చూసి పక్కన పెట్టాను. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత పిల్లలకు ఆ మందు ఇవ్వవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే హెచ్చరించింది. కొందరు పిల్లల్లో అది ఊపిరినే నెమ్మదింపజేస్తుంది. మావాడికి బరువును బట్టి రాసిన పారాసిటమాల్‌ను వేళ తప్పకుండా ఇస్తే సరిపోయింది. ఏడుపు మొదలయ్యాక ఇస్తే మింగలేడు, కాబట్టి రాత్రి లేపి అయినా ఇచ్చాము.

మొదటి నర్సింగ్ హోంకు మొన్న రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను. ఆ రోజు ఎన్ని గంటలకు ఏం జరిగిందో రాసి, ఆ కాగితంలో "నిర్లక్ష్యం" అన్న మాట కొట్టేసి కొత్త కాపీ ఇవ్వమని అడిగాను. ముసాయిదాను అత్తమ్మకు చదివి వినిపించాను. బిస్కెట్ సంగతి కూడా దాచకుండా రాయమని ఆమే చెప్పింది, రాశాను.

ఇంకా చెవుల పని మిగిలి ఉంది. అడినాయిడ్స్ వల్ల కర్ణభేరి వెనుక నీరు చేరిందని, అందుకే టీవీ శబ్దం అంత పెంచుకునేవాడని ఆపరేషన్‌కు ముందే చెప్పారు. మూడు నెలల తర్వాత వినికిడి పరీక్ష చేసి, అప్పటికీ నీరు తగ్గకపోతే చిన్న గొట్టం వేయాలా వద్దా అన్నది చూస్తామన్నారు. ఆ రోజుకు కావలసిన ప్రశ్నలు ఇప్పటి నుంచే ఒక కాగితం మీద రాసుకుంటున్నాను, మొదటిది తాగే నీళ్ల గురించే.