పంచనామా ముందా, పాతిపెట్టడం ముందా?

పశువుల మీద జీవాయుధ దాడి జరిగితే ఏ శాఖ ఏం చేయాలన్న చర్చ ఎక్కడ కనిపించినా, నాకు ముందుగా గుర్తుకు వచ్చేది హైదరాబాద్‌కు గంట ప్రయాణం దూరంలో, నేను పశువైద్యుడిగా పనిచేసిన మండలంలోని ఒక గొర్రెల దొడ్డి. రాత్రికి రాత్రి పదకొండు గొర్రెలు చచ్చిపోయాయని కబురు అంది నేను వెళ్లేసరికి, కాపరి అప్పటికే పోలీసులకు ఫిర్యాదు చేసి ఉన్నాడు. "ఎవడో మందు పెట్టిండు సారూ, కోసి చూస్తే ఎర్కైతది" అన్నది అతని మాట. పోస్టుమార్టం రిపోర్టు లేకుండా కేసు కట్టలేనని ఎస్సైగారు కూడా అదే పట్టు పట్టారు. నేను చూసింది వేరు. కళేబరాలు అప్పటికే ఉబ్బి ఉన్నాయి. ముక్కు నుంచీ మలద్వారం నుంచీ కారిన రక్తం నల్లగా, గడ్డకట్టకుండా ఉంది. ఇవి దొమ్మరోగం, అంటే మనుషులకూ సోకే ఆంత్రాక్స్ లక్షణాలు. ఆ అనుమానం ఉన్న కళేబరాన్ని కోయకూడదు, ఎందుకంటే కోసినప్పుడు లోపలి క్రిములు గాలి తగిలి గట్టి పెంకున్న సిద్ధబీజాలుగా (స్పోర్లుగా) మారి ఏళ్ల తరబడి నేలలో బతికి ఉంటాయి.

ఆయనకు కావలసింది సాక్ష్యం, నాకు కావలసింది లోతైన గొయ్యి, బస్తాల కొద్దీ సున్నం. ఈ వాదనలోనే రెండు గంటలు గడిచిపోయాయి. చివరకు ఒక గొర్రె చెవి సిర నుంచి రక్తపు చుక్క తీసి, స్లైడు మీద పూతగా పరిచి, శాంతినగర్‌లోని ప్రయోగశాలకు మనిషినిచ్చి పంపాను. తీరా పాతిపెట్టే వేళకు లెక్క చూస్తే పది కళేబరాలే ఉన్నాయి; మిగిలినదాన్ని పక్క ఊరివాళ్లు మాంసానికి ఎత్తుకుపోయారని మర్నాడు తెలిసింది. రోగం దొమ్మేనని తేలింది, మందు పెట్టినవాడెవడూ లేడు. అయితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారికి ఈ సంగతంతా నాలుగో రోజున, చేతి మీద నల్లటి పుండుతో ఒక మనిషి వచ్చిన తర్వాతనే తెలిసింది. ఆయనకు ఒక్క ఫోన్ చేయాలన్న ఆలోచన ఎస్సైగారికీ రాలేదు, నాకూ రాలేదు.

కాపరి అనుమానం ఆ రోజు తప్పయిందే గానీ, అది ఊహకు అందని సంగతేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, జర్మనీ తరఫున పనిచేసిన ఆంటన్ డిల్గర్ అనే వైద్యుడు వాషింగ్టన్ శివార్లలోని ఒక ఇంట్లో దొమ్మ క్రిములనూ, గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ అనే అంటురోగం క్రిములనూ పెంచి, మిత్రరాజ్యాల సైన్యాలకు ఓడల్లో వెళ్లవలసిన గుర్రాలకూ కంచరగాడిదలకూ అంటించేందుకు పంపాడు. రెండో యుద్ధంలో బ్రిటన్ జర్మనీ పశువుల మీద జారవిడవడానికి దొమ్మ క్రిములు నింపిన దాణా బిళ్లలను 50 లక్షల వరకు తయారు చేసి పెట్టుకుంది. వాటిని వాడలేదు, యుద్ధం ముగిశాక కాల్చివేసింది. అదే క్రిమిని 1942లో గొర్రెల మీద పరీక్షించిన స్కాట్లాండ్‌లోని గ్రూనార్డ్ దీవి నేలను 1986లో రసాయనాలతో శుద్ధి చేసి, 1990లో గానీ సురక్షితమని ప్రకటించలేకపోయారు. సున్నం కోసం నేను అంతగా ఎందుకు తొందరపడ్డానో ఎస్సైగారికి తర్వాతెప్పుడో ఈ దీవి కథతోనే చెప్పాను.

ఎవరైనా కావాలని వదిలిన క్రిమి అయినా, తనంతట తాను వచ్చిన రోగం అయినా, తొలి రోజు దొడ్డిలో చూడటానికి ఒకేలా ఉంటుంది. ఆ రోగం ఎన్నడూ లేని చోట, కాలం కాని కాలంలో, ఒకదానితో ఒకటి సంబంధం లేని మందల్లో ఒకేసారి బయటపడితే అనుమానించాలి. ఇందులో ఏ ఊళ్లో ఎప్పుడు ఏ రోగం వచ్చిందన్నది పశువైద్యుడి రిజిస్టరులో ఉంటుంది, ఊళ్లోకి కొత్తగా ఎవరు వచ్చి వెళ్లారన్నది పోలీసులకు తెలుస్తుంది, మనుషులకు సోకిందీ లేనిదీ ఆసుపత్రికి తెలుస్తుంది. ఈ ముగ్గురూ మాట్లాడుకోకపోతే అనుమానం ఎవరికీ రాదు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, నేరస్థులను వెంటాడే ఇంటర్‌పోల్ కలిసి ఈ విషయం మీద ఒక ఉమ్మడి కార్యక్రమం నడపడానికి కారణం ఇదే. మన దగ్గరా కాగితాలకు కొదవ లేదు: జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2008లో ఇచ్చిన జీవ విపత్తుల మార్గదర్శకాల్లో పశుసంపద గురించి ప్రత్యేకంగా ఉంది, 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం జాబితాలోని రోగాల సమాచారం ఇవ్వడాన్ని తప్పనిసరి చేసింది.

హైదరాబాద్‌ విషయానికి వస్తే, పశువైద్య విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో ఉంది, దేశంలోని ఐపీఎస్ అధికారులందరూ శిక్షణ పొందే జాతీయ పోలీసు అకాడమీ ఆ పక్కనే శివరాంపల్లిలో ఉంది. ఆ దారిన ఉదయపు నడకకు వెళ్లినప్పుడల్లా ఈ రెండు ప్రాంగణాల వాళ్లను ఒక పూట కలిపి కూర్చోబెడితే బాగుంటుందని అనిపిస్తుంది. కలిసి పనిచేయడం చేతకాక కాదు. 2021లో జూపార్కులోని ఎనిమిది సింహాలకు దగ్గు, ముక్కు కారడం మొదలైతే, మత్తు ఇచ్చి నమూనాలు తీసి నగరంలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి పంపారు. అక్కడి శాస్త్రవేత్తలు కోవిడ్ అని తేల్చారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడగానే తెలంగాణ సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టి కోళ్ల వాహనాలను ఆపారు.

ఈ చర్చల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని మనిషి రైతు. బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయితే కిలోమీటరు పరిధిలోని కోళ్లన్నింటినీ చంపేస్తారు. పరిహారాన్ని కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించే ఏర్పాటు ఉన్నా, ఆ డబ్బు చేతికి వస్తుందన్న నమ్మకం లేని ఫారం యజమాని చచ్చిన కోళ్లను చీకట్లో ఏ కాలువలోనో పారేస్తాడు, ఆ రోజుతో మనకు దొరకవలసిన తొలి కబురు చేజారిపోతుంది. పరిహారం సకాలంలో అందడాన్ని నేను సంక్షేమంగా కాక భద్రతా ఏర్పాటుగానే చూస్తాను.

2024 ఆగస్టులో రాజస్థాన్‌లోని అజ్మీర్‌లో 'విషాణు యుద్ధ్ అభ్యాస్' పేరుతో పశువుల నుంచి మనుషులకు సోకే వ్యాధి మీద వైద్య, పశుసంవర్ధక, అటవీ రంగాల వాళ్లు కలిసి కసరత్తు చేశారు. అటువంటిది మండల స్థాయిలో, ఎస్సై, పశువైద్యుడు, పీహెచ్‌సీ డాక్టరు, తహసీల్దారు ఒక దొడ్డి దగ్గర నిలబడి చేయాలి. స్టార్ హోటళ్లలో జరిగిన సదస్సులు కొన్నింటికి నేనూ వెళ్లాను. వాటిలో నాకు గుర్తున్నది భోజనమే.

ఆ గొర్రెల సంఘటన తర్వాత ఎస్సైగారూ నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. అనుమానం ఉన్న ప్రతి మరణానికీ రెండు స్లైడులు తీసి, ఒకటి ప్రయోగశాలకు పంపి, రెండోదాన్ని సీలు వేసి ఆయనకు అప్పగించాలి. కళేబరాలను కదిలించకముందే ఫొటోలు తీయాలి. పంచనామా గొయ్యి గట్టు మీదే రాసి, సంతకాలు కాగానే సున్నం చల్లాలి. ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేసే బాధ్యత నాది. ఎనిమిది నెలలు సజావుగా నడిచింది. ఆయనకు బదిలీ అయ్యాక, కొత్తగా వచ్చిన ఎస్సైగారు నా మొదటి స్లైడు చేతిలోకి తీసుకుని, "ఇది నాకెందుకు డాక్టరుగారూ?" అని అడిగారు.