గాజువాక దాకా మాట వినిపించాలి

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను మన విశాఖ మీద విరుచుకుపడిన రోజు. మేం ఊరికి ఈ చివర మధురవాడలో, అమ్మా అన్నయ్యా ఆ చివర గాజువాకలో. ఫోన్లు మూగబోయాయి. రోడ్ల మీద ఎక్కడ చూసినా కూలిన చెట్లూ కరెంటు స్తంభాలే. అమ్మ ఎలా ఉందో తెలియడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున అన్నయ్య కొంత దూరం నడిచి, కొంత దూరం ఎవరిదో బండెక్కి వచ్చి చెబితే గానీ నా గుండె కుదుటపడలేదు. ఒకే ఊళ్లో ఉండి కబురు తెలియకపోవడం ఇంకోసారి జరగకూడదని ఆ రోజే అనుకున్నాను.

అనుకున్నంత తేలిగ్గా అవలేదు. మొదట ఆన్‌లైన్‌లో ఒక జత వాకీటాకీలు తెప్పించాను. పెట్టె మీద పది కిలోమీటర్లు అని రాశారు. మా వీధి మలుపు తిరిగేసరికి మాట ముక్కలైపోయింది. అంతకన్నా పెద్ద చిక్కు, అవి ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తాయో, మన దేశంలో వాడటానికి అనుమతి ఉందో లేదో పెట్టె మీద ఒక్క ముక్క లేదు. తిరిగి పంపేశాను. అలాంటివి ఇష్టం వచ్చినట్టు అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అమ్మకాలకు మార్గదర్శకాలు తెచ్చింది. లైసెన్స్ అక్కర్లేని సెట్లు మన దగ్గర లేకపోలేదు. 446 మెగాహెర్ట్జ్ దగ్గర చిన్న పవర్‌తో పనిచేసేవి ఉన్నాయి. అపార్ట్‌మెంట్‌లో, పెళ్లి పందిట్లో, తోటలో బాగా పనికొస్తాయి. మధురవాడ నుంచి గాజువాకకు మాత్రం కాదు.

మిగిలిన దారి హామ్ రేడియో, అంటే లైసెన్స్ తీసుకుని సరదాకి నడుపుకునే సొంత రేడియో. అది ఫోన్ లాంటిది కాదు, మాట్లాడే ఇద్దరికీ లైసెన్స్ ఉండాలి. అందుకని నేనూ అన్నయ్యా ఇద్దరం పుస్తకాలు పట్టుకున్నాం. మొదటి మెట్టు లైసెన్స్ అయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ (చుక్కలూ గీతల భాష) అక్కర్లేదు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు చదివితే చాలు. దరఖాస్తు కేంద్ర టెలికాం శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్‌లో. పరీక్ష కన్నా తర్వాత ఎదురుచూడటమే కష్టం. చివరికి వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో మనల్ని గుర్తుపట్టే అక్షరాల పేరు, చేతికొచ్చిన రోజు అమ్మకు చూపిస్తే, బండి నంబరా అని అడిగింది.

ఇక సెట్ కొనాలి. ఊళ్లో చాలా ఏళ్లుగా హామ్ చేస్తున్న పెద్దాయన ఒకాయన పరిచయమయ్యారు. నేను వెళ్లగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని వాట్లది తీసుకోమంటారండీ?"

ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. "వాట్ల సంగతి తర్వాత చూద్దాం అమ్మా. ముందు మీ అన్నయ్యగారిని సెట్ పట్టుకుని డాబా ఎక్కమను. నా హ్యాండ్‌సెట్ ఇస్తాను, నువ్వు కారులో ఊరంతా తిరుగు" అన్నారు. ఇంకో సెట్ అన్నయ్యకూ ఇచ్చారు.

ఆ శనివారం నేను నేర్చుకున్నది ఏ పుస్తకమూ నేర్పలేదు. రుషికొండ బీచ్ రోడ్డు మీద కారు ఆపి పిలిస్తే బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు. ఎండాడ దగ్గరా అంతే. అదే అయిదు వాట్ల సెట్ పట్టుకుని కైలాసగిరి కొండ ఎక్కాను. రెయిలింగ్ దగ్గర నిలబడి పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) నొక్కి కాల్‌సైన్ చెప్పి వదిలాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత అన్నయ్య గొంతు, పక్క గదిలోంచి పిలిచినట్టు: "బాగా వినిపిస్తున్నావు, చెప్పు, ఓవర్." వెనకాల వాళ్ల వీధి కుక్క అరుపు కూడా వినిపించింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

మా సెట్లు వాడే వీహెచ్ఎఫ్ రేడియో తరంగాలు దాదాపు చూపు పోయే దారినే పోతాయి. మనది కొండల ఊరు. కొండ అడ్డమొస్తే వాట్లు పోసినా పెద్దగా ఉపయోగం ఉండదు. అయిదు వాట్లను యాభై చేసినా అవతలి సెట్‌లో సిగ్నల్ బలం చూపే మీటరు మీద నిండా రెండు గీతలు పెరగవు. యాంటెన్నాను రెండు మీటర్లు పైకి ఎత్తితే ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ మేలు. ఇది తెలియక ఎంతమంది పెట్టె మీద అంకె చూసి డబ్బులు పోస్తున్నారో!

కారుకి నేను తీసుకున్నది వీహెచ్ఎఫ్ ఒక్క బ్యాండే (ఒకే ఫ్రీక్వెన్సీల వరుస) ఉన్న, కారులో బిగించే మామూలు రేడియో సెట్. రంగుల స్క్రీన్ ఉన్నవి, రెండు బ్యాండ్లవి చూశాను, వద్దనుకున్నాను. చూసింది మూడే. వెనక వేడిని లాగేసే లోహపు దిమ్మ (హీట్‌సింక్) బరువుగా ఉందా, చీకట్లో చేత్తో తడిమి వాల్యూమ్, ఛానల్ మార్చగలనా, రేపు పాడైతే బాగుచేసేవాళ్లు దొరుకుతారా. పవర్ నా లైసెన్స్ ఒప్పుకున్నంతలోనే పెట్టుకున్నాను.

సెట్ వచ్చిన సాయంత్రమే ఆత్రం ఆపుకోలేక లైటర్ సాకెట్‌లో గుచ్చాను. వినడం బాగానే ఉంది. పీటీటీ నొక్కగానే డిస్‌ప్లే ఆరిపోయి, సెట్ మళ్లీ మొదటి నుంచి ఆన్ అయింది. సెట్ పాడైందేమోనని రాత్రంతా టెన్షన్. సెట్‌కేం కాలేదు. వినేటప్పుడు అర ఆంపియర్ లాగే సెట్టే, మాట్లాడేటప్పుడు పవర్‌ను బట్టి అయిదారు ఆంపియర్లు, యాభై వాట్లలో అయితే పదికి పైగా లాగుతుంది. సన్నటి వైరులో వోల్టేజి పడిపోతుంది. మర్నాడు కార్ ఎలక్ట్రీషియన్ బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగి, ప్లస్‌కీ మైనస్‌కీ రెండింటికీ ఫ్యూజ్ వేశాడు. మళ్లీ ఆ బాధ లేదు.

యాంటెన్నా దగ్గర ఇంకో పాఠం. అర మీటరు పొడవున్న క్వార్టర్ వేవ్ (తరంగం పొడవులో నాలుగో వంతు) కడ్డీ, అడుగున అయస్కాంతం. అందంగా ఉంటుందని డిక్కీ అంచున పెట్టాను. పెద్దాయన, యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు తగిలించి చూస్తే ముల్లు దాదాపు మూడు దగ్గర ఆగింది. ఏమీ మాట్లాడకుండా తీసి కారు టాప్ నడిమధ్యన పెట్టారు. 1.3. ఆ రేకే యాంటెన్నాకు నేల. నాలుగు పక్కలా సమానంగా ఉండాలి. ముల్లు రెండు దాటితే పవర్ వెనక్కి తన్ని సెట్‌కే చేటు.

కొన్నాళ్లకు మాట మసకబారింది. కనెక్టర్ విప్పి చూస్తే లోపల పచ్చగా చిలుము, నడిమి పిన్ను చుట్టూ పొడిపొడిగా. సముద్రపు గాలి ఇంట్లో గేటునే తినేస్తుంది, రాగిని వదులుతుందా? కొత్త కనెక్టర్ వేయించి, నీళ్లు చొరబడకుండా తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టాను.

అన్నయ్య ఇంటి డాబా మీద ఇప్పుడు ఇనప పైపుకి యాంటెన్నా ఉంది, కింద కారు బ్యాటరీ. ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి నేను కారు తీసుకుని కైలాసగిరి మీదికి వెళ్లి పిలుస్తాను. ఇంటి దగ్గర నుంచి ఇప్పటికీ అందదు, అందుకే తుపాను హెచ్చరిక వస్తే ఎక్కడ కలవాలో, గాలి తగ్గాక ఎన్ని గంటలకు పిలవాలో ఇద్దరం రాసిపెట్టుకున్నాం. పోయిన ఆదివారం అన్నయ్య గొంతు కాస్త గరగరగా వచ్చింది. డాబా మీద టేపు ఎండకు పగిలిందట. అక్టోబరు లోపు కొత్తది చుట్టాలి.