మధుమేహం మాయమవుతుందన్న మాటకు చట్టం ఏమంటుంది

బెంగళూరు మారతహళ్లిలో మేము తినే తెలుగు మెస్సు గోడ మీద, మధుమేహాన్ని సమూలంగా పోగొడుతుందంటూ ఒక చూర్ణం ప్రకటన కనిపించింది. మా బాబాయి ఆ ఫోన్ నంబరు రాసుకోవడంతో, 1954 నాటి మందులు, మాయా చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టాన్ని తీసి చదివాను.

దాని షెడ్యూలులో మధుమేహం, క్యాన్సర్ సహా 54 రోగాలు, రుగ్మతలు ఉన్నాయి. వాటిని నయం చేస్తామని గానీ, నివారిస్తామని గానీ ప్రజలకు ప్రకటించడమే 3వ సెక్షను కింద నేరం కనుక, ఆ మందు పనిచేయదని ప్రాసిక్యూషను ప్రయోగశాల నివేదికలతో రుజువు చేయవలసిన అవసరం లేదు. ఏ మందు గురించైనా తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 4వ సెక్షను ఉంది. ప్రకటన అంటే కరపత్రం, లేబులు మాత్రమే కాదు, నోటితో చెప్పినదీ, వెలుతురుతోనో శబ్దంతోనో పొగతోనో తెలియజేసినదీ కూడా. పొగను సైతం మరువని ఆ ముసాయిదా రచయితను మెచ్చుకోవలసిందే.

యునానీ మందుల సంస్థ హమ్‌దర్ద్ దవాఖానా ఈ చట్టాన్ని భావప్రకటన స్వేచ్ఛ పేరిట సవాలు చేసినప్పుడు, సుప్రీంకోర్టు నిషిద్ధ మందుల వ్యాపార ప్రకటనకు ఆ రక్షణ వర్తించదని చెప్పి, కొన్ని భాగాలను మాత్రమే కొట్టివేసింది.

అయితే శిక్ష నాకు మరీ తేలికగా తోచింది: మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, మళ్లీ చేస్తే ఏడాది వరకు. ఇటువంటి ప్రకటనను నమ్మి ఇన్సులిన్ మానేసినవారికి జరిగే నష్టంతో పోలిస్తే ఇది స్వల్పమే, కానీ తయారీ సంస్థ నేరం చేస్తే దాని వ్యవహారాలకు బాధ్యులైనవారిని కూడా 9వ సెక్షను కింద విచారించవచ్చు.