శనివారం పూట అవేరో

పోర్చుగల్‌కి వెళ్తున్నామంటే అందరూ లిస్బన్ అన్నారు. అమ్మకేమో కొండలెక్కే ఊళ్ళు వద్దు, మోకాళ్ళు. "నీళ్ళున్న ఊరేదైనా చూడవే, చదునుగా ఉండాలి" అంది. అలా దొరికింది అవేరో. పోర్తో నగరానికి దక్షిణంగా, సముద్రానికి దగ్గర్లో, కాలువల మీద ఉన్న చిన్న ఊరు. ఉప్పు మళ్ళు కూడా చూడాలని సెప్టెంబర్ మొదట్లో వెళ్ళాం.

ముందు టికెట్ సంగతి చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడే చేశాను. పోర్తోలో సావ్ బెంతో స్టేషన్ నుంచి లోకల్ రైలు ఉంటుంది. టికెట్ చవకే. మెషీన్‌లో డబ్బులు వేస్తే ఒక అట్టకార్డు వస్తుంది, దాంట్లోకి ప్రయాణాలు ఎక్కించుకోవాలి. నేను తెలివిగా ఒకే కార్డులోకి రెండు ఎక్కించాను, ఇద్దరికీ సరిపోతుంది కదా అని. రైలెక్కే ముందు కార్డుని చిన్న మెషీన్‌కి తాకించాలి. నేను తాకించాను, పచ్చలైటు. అమ్మ కోసం మళ్ళీ తాకిస్తే ఒప్పుకోలేదు. పక్కనున్న రైల్వే ఆయన వేలు చూపించి చెప్పాడు: ఒక మనిషి, ఒక కార్డు. ఇంకో కార్డు కొనుక్కొచ్చేసరికి రైలు వెళ్ళిపోయింది.

పోతే పోయింది. ఆ స్టేషన్ హాల్లో గోడల నిండా నీలం, తెలుపు పింగాణీ పలకలు, ఇరవై వేల దాకా ఉంటాయి. జోర్జ్ కొలాసో అనే చిత్రకారుడు యుద్ధాలు, రాజులు, పంటకోతలు అన్నీ వాటి మీద గీశాడు. అమ్మ ఒక ఎద్దుల బండి బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడింది. మొదటి రైలు అంది ఉంటే దాని పక్కనుంచే పరిగెత్తేవాళ్ళం.

రైల్లో కుడివైపు కూర్చోండి. ఎస్పీన్యో అనే ఊరు వచ్చేలోపు సముద్రం కనిపిస్తుంది. గంట పైచిలుకు ప్రయాణం. అవేరోలో దిగాక కొత్త స్టేషన్ పక్కనే పాతది ఉంటుంది, అదీ పలకల గోడలే. అక్కణ్ణుంచి తిన్నగా ఒకే రోడ్డు, ఇరవై నిమిషాలు నడిస్తే కాలువ.

దీన్ని 'పోర్చుగల్ వెనిస్' అంటారు. ఆ మాట పట్టుకుని వెళ్తే నిరాశే. ఉన్నవి నాలుగైదు కాలువలు, వాటి మీద రంగురంగుల పడవలు, గట్టున పాత ఇళ్ళు. కానీ ఇవి షోకుకి తవ్వినవి కావు. ఊరి అవతల సముద్రాన్ని ఆనుకుని పెద్ద ఉప్పునీటి కయ్య ఉంది, 'రియా' అంటారు. ఉప్పు, చేపలు, నాచు అన్నీ అందులోంచి ఈ కాలువల మీదుగానే ఊళ్ళోకొచ్చేవి. అమ్మ పుట్టింది కోనసీమలో, కాలువ గట్టున. ధాన్యం, కొబ్బరికాయలు పడవల్లో పోవడం చూసిన మనిషి. ఆమెకి గైడు అక్కర్లేదు.

పడవ పేరు మొలిసేరో. కాలువ గట్టు మీదే టికెట్లు అమ్ముతారు, ముప్పావుగంట తిప్పుతారు. 'మొలీసు' అంటే కయ్యలో పెరిగే నాచు. దాన్ని పొడుగాటి పళ్ళున్న దంతెలతో గీకి, పడవ నిండా నింపి, ఇసుక పొలాలకి ఎరువుగా వేసేవాళ్ళు. అందుకే పడవ అంచులు అంత కిందికి, నీళ్ళని తాకేంత. బరువైన తడి నాచుని పైకెత్తక్కర్లేకుండా లోపలికి లాగెయ్యొచ్చు. నేనిది చెప్తే అమ్మ, "మనవాళ్ళు గుర్రపుడెక్క తీసి గట్టు మీద పడేస్తారు, వీళ్ళు పొలంలో వేసుకున్నారు" అంది. రసాయన ఎరువులొచ్చాక ఆ పని ఆగిపోయింది. ఇప్పుడు పడవలు మాలాంటివాళ్ళని మోస్తున్నాయి, తెరచాపలు పోయి మోటార్లొచ్చాయి.

పడవ ముక్కు హంస మెడలా పైకి వంపు తిరిగి ఉంటుంది. ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు బొమ్మలు, దేనికదే వేరు. కొన్నిటి మీద దేవుళ్ళు, రాజులు. కొన్నిటి మీద మాత్రం ద్వంద్వార్థాల వ్యవహారం. మా ముందు ఆగిన పడవ మీద ఒకావిడ వంగి ఏదో ఏరుతోంది, వెనక ఒకాయన మీసం తిప్పుతున్నాడు, కింద ఒక వాక్యం. పడవ అబ్బాయిని అర్థం అడిగితే అమ్మ వైపు చూసి నవ్వి ఊరుకున్నాడు. అమ్మ తెలుగులోనే, "చెప్పక్కర్లేదులే నాయనా" అంది.

దిగాక అసలు చిక్కు. ఈ ఊరి ప్రసిద్ధ మిఠాయి 'ఓవోస్ మోలెస్', అంటే మెత్తని గుడ్లు. గుడ్డు పచ్చసొన, పంచదార పాకం కలిపి ఉడికించి, పల్చటి తెల్లటి రేకులో పెడతారు. గవ్వ, చేప, చిన్న పీపా ఆకారాలు. ఒకప్పుడు కాన్వెంట్లలో సన్యాసినులు తెల్లసొన బట్టలకి గంజిగా వాడేసి, మిగిలిన పచ్చసొనతో ఇవి చేసేవాళ్ళట. రేకు చూడగానే నాకు ఆత్రేయపురం పూతరేకు గుర్తొచ్చింది. అమ్మ గుడ్డు తింటుంది. శనివారం తినదు. నేను రోజు చూసుకోకుండా బుక్ చేశాను. ఆరు గవ్వలున్న పెట్టె కొని బ్యాగులో పెట్టుకున్నాం. నేనూ తినలేదు, ఆమె ఎదురుగా ఎలా తింటాను.

తర్వాత సముద్రపొడ్డున ఉన్న కోస్తా నోవా అనే ఊరికి బస్సు. స్టాప్‌లో టైమ్‌టేబుల్ చూసి పది నిమిషాల్లో వస్తుందనుకున్నాను. నలభై నిమిషాలు నిలబడ్డాక తెలిసింది, నేను చూసింది పనిదినాల వరస. శనివారానిది పక్కన వేరే ఉంది, బస్సులు సగం కూడా లేవు. 'సాబదో' అంటే శనివారం, ఆ ఒక్క మాట నేర్చుకుని వెళ్ళండి. అమ్మ ఏమీ అనలేదు, ఆ ఏమీ అనకపోవడమే ఎక్కువ టెన్షన్.

బస్సు వదిలేసి ఉప్పు మళ్ళకి నడిచాం, ఊరి అంచునే త్రోంకల్యాద అని ఒకటుంది. మట్టి గట్లు, చదరపు మడులు, మూలల్లో తెల్లటి రాశులు. సముద్రపు నీళ్ళు ఒక మడి నుంచి ఇంకో మడికి వదులుతూ ఎండకి చిక్కబరుస్తారు. కాపలా ఎవరూ లేరు. అమ్మ గట్టు మీద కూర్చుని చిటికెడు నాలిక మీద వేసుకుంది. "ఉప్పుకి శనివారం లేదుగా!"

చివరికి కోస్తా నోవాకి ట్యాక్సీలో వెళ్ళాం. ఎరుపు, నీలం, పచ్చ నిలువు చారల కొయ్య ఇళ్ళు. ఒకప్పుడు జాలర్లు వలలూ సామానూ దాచుకున్న కొట్లు, ఇప్పుడు సెలవుల ఇళ్ళు. ఫోటోల్లో అందంగా ఉంటాయి, అక్కడా అంతే, అంతకన్నా ఎక్కువేమీ లేదు. మధ్యాహ్నం ఉత్తరపు గాలి చీర నిలవనివ్వలేదు. దారిలో బార్రా లైట్‌హౌస్ చూశాం, 62 మీటర్లు, 1893లో వెలిగించారు. దాని పక్కనే సముద్రం కయ్యలోకి వచ్చే దారి. ఒకప్పుడు ఇసుక మేటలు వేసి ఆ దారి మూసుకుపోతే రేవు చచ్చిపోయి, ఊరు ఖాళీ అయిందట. 1808లో మళ్ళీ తెరిచారు. మేట అన్న మాట అమ్మకి వివరించక్కర్లేదు.

రాత్రి పోర్తో చేరాం. ఆదివారం పొద్దున అమ్మ స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని, పెట్టె తెరిచింది. రేకు పళ్ళకింద పటుక్కుమంది, లోపల పసుపు జిగురు జారింది. కాసేపు నమిలింది.

"పాకం బాగానే పట్టారు. ఒక యాలక్కాయ వేసి ఉండాల్సింది" అంటూ రెండోది తీసింది.