ఒకే రూపం, రెండు క్రియలు: స్పానిష్ ‘ఫ్వే’తో నా అనుభవం

స్పానిష్ మొదలుపెట్టిన కొన్ని నెలలకు పాఠంలో ‘మి అబ్వేలొ ఫ్వే మరినేరొ’ అన్న వాక్యం ఎదురైంది. ‘ఫ్వే’ అంటే ‘వెళ్ళాడు’ అని అప్పటికే బట్టీపట్టి ఉండటం వల్ల ‘మా తాతయ్య నావికుడు వెళ్ళాడు’ అని రాసుకుని, అర్థం పొసగక చాలాసేపు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

క్రియల పట్టికలు తిరగేశాక అసలు సంగతి తెలిసింది. ‘వెళ్ళు’ అనే అర్థమున్న ‘ఈర్’కూ, ‘అగు’ అనే అర్థమున్న ‘సేర్’కూ, ముగిసిపోయిన పనిని చెప్పే భూతకాలంలో రూపాలు ఒక్కటే: ఫ్వి, ఫ్విస్తె, ఫ్వే, ఫ్విమొస్, ఫ్విస్తేయిస్, ఫ్వేరొన్. ఆరింటిలో ఒక్క అక్షరం కూడా తేడా లేదు. స్పానిష్‌కు మూలమైన లాటిన్‌లో ఈ రూపాలు ‘ఉండు’ అనే అర్థమున్న ‘ఎస్సె’ క్రియవి. స్పానిష్‌కు వచ్చేసరికి ‘ఈర్’ కూడా వాటినే తెచ్చుకుంది. ఈ చరిత్ర తెలిశాక పట్టిక మీద విసుగు పోయింది గాని, వాక్యం చదివేటప్పుడు తడబాటు పోలేదు.

దారి చూపింది మన విభక్తులే. ‘ఫ్వే ఆ కూబ’లో ‘ఆ’ మన ‘కు’ చేసే పనే చేస్తుంది కనుక అది ‘క్యూబాకు వెళ్ళాడు’ అవుతుంది. ‘ఫ్వే మరినేరొ’లో క్రియ వెంటనే నామవాచకం వచ్చింది కనుక ‘నావికుడుగా పనిచేశాడు’ అనుకోవాలి. ‘ల బోద ఫ్వే ఎన్ సెవియ్య’ మాత్రం నన్ను మళ్ళీ తికమకపెట్టింది. ‘బోద’ అంటే పెళ్ళి, ‘ఎన్’ అంటే ‘లో’. పెళ్ళి ఎక్కడికీ వెళ్ళదు, సెవియ్యా నగరంలో జరిగింది. సంఘటన జరిగిన చోటు చెప్పడానికి స్పానిష్‌లో ‘సేర్’నే వాడతారు.

ఇంకా అనుమానముంటే వాక్యాన్ని స్పానిష్‌లోని రెండో భూతకాలంలోకి, అంటే అప్పట్లో జరుగుతూ ఉండిన పనిని చెప్పే దానిలోకి, మార్చి చూస్తాను. అక్కడ రెండు క్రియలూ విడిపోతాయి: ‘సేర్’కు ‘ఏర’, ‘ఈర్’కు ‘ఈబ’. ఏది పెడితే అర్థం కుదురుతుందో ఆ క్రియే అని తేల్చుకుంటాను. నాకు అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చిన పద్ధతి ఇదే.

అయినా ‘ఫ్వే పోర్ ఎయ్య’ లాంటి చోట రెండూ కుదురుతాయి: ‘అది ఆమె వల్లే జరిగింది’, ‘ఆమెను తీసుకురావడానికి వెళ్ళాడు’. అలాంటప్పుడు ముందు వాక్యానికి తిరిగి వెళ్ళి, అక్కడ ఎవరైనా బయలుదేరారో లేదో చూసుకుంటున్నాను.